బేస్‌మెంట్ గోడలో సన్న నెర్రెలు, చిన్న లీకులు: మీ చేతులతో మీరే ఆపుకోవడం ఎలా

న్యూజెర్సీ, ఒహాయో, మిషిగన్, ఇల్లినాయి వైపు ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు మంచు కరిగే మార్చి, ఏప్రిల్ నెలల్లో బేస్‌మెంట్ గోడ మీద తడి గీత కనబడటం కొత్తేమీ కాదు. అది కనబడగానే చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు. దుకాణానికి పరుగెత్తి ఓ డబ్బా వాటర్‌ప్రూఫ్ పెయింటు తెచ్చి పూసేస్తారు. లేదంటే ‘ఉచిత తనిఖీ’ అని కరపత్రం వేసిన కంపెనీని పిలిచి, వాళ్లిచ్చిన వేల డాలర్ల అంచనా చూసి రాత్రంతా నిద్ర మానుకుంటారు. సన్న నెర్రెలోంచి చెమ్మ దిగే గోడకు ఈ రెండూ అక్కర్లేదు. నెర్రె పూడ్చడం శనివారం ఒక్క పూటలో తేలే పని. దానికంటే, ఆ నెర్రె దాకా నీళ్లు ఎందుకొస్తున్నాయో కనుక్కోవడానికే ఎక్కువ ఓపిక పెట్టాలి. ఈ మార్గదర్శిలో సగం దాని గురించే.

ఇక్కడ చెప్పేదంతా పోత కాంక్రీటు గోడల గురించి. ఇటీవలి దశాబ్దాల్లో కట్టిన సబర్బ్ ఇళ్లలో ఎక్కువగా ఇవే, 8 లేదా 10 అంగుళాల మందంతో. బ్లాకులు పేర్చి కట్టిన గోడల సంగతి వేరు, చివర్లో కొంచెం చెబుతాను. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సెల్లార్ల జోలికి పోవడం లేదు. అది అసోసియేషన్ డబ్బుతో, మేస్త్రితో తేలాల్సిన వ్యవహారం.

గోడ ఎందుకు నెర్రె ఇస్తుంది

ఈ రాష్ట్రాల్లో చలికాలం నేల రెండు మూడు అడుగుల లోతు దాకా గడ్డకడుతుంది. ఇంకా ఉత్తరానికి పోతే నాలుగైదు అడుగులు. గడ్డకట్టిన నేల ఉబ్బి పునాదిని పైకి లేపుతుంది కాబట్టి పునాదిని ఆ లోతు దాటించాలి. ఎలాగూ అంత తవ్వుతున్నాం కదా అని ఇంకో నాలుగడుగులు తవ్వి కింద ఒక అంతస్తు చేసుకున్నారు. అదే మన బేస్‌మెంట్.

పోసిన కాంక్రీటు ఆరుతూ కొద్దిగా ముడుచుకుంటుంది. కింద పునాది దాన్ని కదలనివ్వదు. దాంతో ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ నిలువుగా చీలుతుంది. కిటికీ కింది మూలలు, ఇనుప దూలం గోడలో కూర్చునే గూడు, పొడవాటి గోడ నడిమధ్య, ఎక్కువగా ఈ మూడు చోట్లే. ఇల్లు కట్టిన మొదటి ఏడాది రెండేళ్లలో వచ్చే ఇలాంటి సన్న నిలువు నెర్రెతో ఇంటికి ప్రమాదం ఏమీ లేదు. నీళ్లకు దారి ఇవ్వడమే దాని దోషం.

బయట మట్టి నీళ్లతో నానిపోయినప్పుడు, ప్రతి అడుగు లోతుకూ గోడ మీద చదరపు అడుగుకు సుమారు 62 పౌండ్ల చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. ఏడడుగుల లోతులో అది 430 పౌండ్లు దాటుతుంది. లోపలి వైపు పూసిన పెయింటు ఎందుకు పొక్కి ఊడిపోతుందో ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది.

మీరు ముట్టుకోకూడని గోడలు

ముందు టార్చి పట్టుకుని గోడంతా తిరగండి. బేస్‌మెంట్ ఫినిష్ చేసి ఉంటే తడి కనబడిన చోట డ్రైవాల్ (గోడకు ముందు బిగించిన జిప్సం పలక) కోయక తప్పదు. నెర్రె పైనుంచి కింద దాకా కళ్లకు కనబడాలి.

నెర్రె అడ్డంగా, గోడ సగం ఎత్తులో నేలకు సమాంతరంగా పోతోందంటే అక్కడితో ఆగిపోండి. బయటి మట్టి గోడను లోపలికి తోస్తోందని దానర్థం. గోడ లోపలికి ఉబ్బినా, నెర్రెకు ఒక పక్క మరో పక్క కంటే ముందుకు వచ్చినా, కింద సన్నగా మొదలై పైకి పోయేకొద్దీ బాగా వెడల్పు అయినా, పై అంతస్తులో తలుపులు కొత్తగా పట్టేయడం మొదలైనా అది లీకు సమస్య కాదు, పునాది సమస్య. ఫీజు తీసుకుని సలహా మాత్రమే ఇచ్చే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. మరమ్మతు అమ్ముకునే కంపెనీ తాలూకు మనిషి చెప్పేదాన్ని ఇంజనీరు రిపోర్టు అనుకోవద్దు.

వెడల్పు చూడటానికి జేబులో చిల్లర చాలు. క్వార్టర్ నాణెం మందం 1.75 మిల్లీమీటర్లు. అది నెర్రెలో దూరకపోతే నిశ్చింతగా మీరే చేసుకోవచ్చు. రెండు క్వార్టర్లు కలిపి దూరుతున్నాయంటే ముందు ఇంజనీరు చూడాలి. నెర్రె రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కన తేదీ వేయండి. కొన్ని నెలల తర్వాత నెర్రె ఆ గీత దాటిందంటే గోడ ఇంకా కదులుతోందన్నమాట.

ఇల్లు కొత్తదైతే ముందు బిల్డర్ ఇచ్చిన వారంటీ కాగితం తీసి చదవండి. నీళ్లు కారే నెర్రెలు మొదటి ఏడాదిలో బిల్డరే బాగుచేయాలన్న షరతు చాలావాటిలో ఉంటుంది. మీరు చెయ్యి పెట్టాక వాళ్లు తప్పుకోవచ్చు. టౌన్‌హౌస్ అయితే బయటి మట్టి, గట్టర్లు (కప్పు అంచున వాన నీళ్లు పట్టే కాలువలు) ఇళ్ల యజమానుల సంఘం హెచ్‌ఓఏ కిందకి వస్తాయేమో చూసుకోండి.

చెమటా, ఊటా?

జులై, ఆగస్టుల్లో ఉక్కపోత గాలి చల్లటి కాంక్రీటు గోడకు తగిలి నీరవుతుంది. దాన్ని లీకు అనుకుని గోడ చెక్కేవాళ్లున్నారు. తేల్చుకోవడం తేలిక. తడిగా అనిపించే చోటును గుడ్డతో తుడిచి, అడుగు వెడల్పు, అడుగు పొడవు అల్యూమినియం ఫాయిల్ ముక్కను నాలుగు అంచులకూ డక్ట్ టేపు వేసి అక్కడ అంటించండి. రెండు రోజులు వదిలేయండి. గదివైపు ఫాయిల్ మీద నీటి బిందువులు ఉంటే అది గాలిలో తేమ. ఫాయిల్ వెనక, గోడవైపు తడిస్తే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు.

గాలిలో తేమే అయితే డీహ్యూమిడిఫైయర్ కొనండి, ఈ పని మొత్తం మానుకోండి. తేమ 60 శాతం లోపు, వీలైతే 30 నుంచి 50 మధ్య ఉండాలని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. మంచి గాలి రానీ అని ఉక్కపోత రోజుల్లో బేస్‌మెంట్ కిటికీలు తెరిచి పెట్టే అలవాటు మనవాళ్లలో ఎక్కువ. దానివల్ల బయటి తేమంతా లోపలికొస్తుంది.

వానతో సంబంధం లేకుండా ఎప్పుడూ తడిగానే ఉంటే ఇంట్లో పైపుల్ని అనుమానించండి. కుళాయిలన్నీ కట్టేసి, వాటర్ మీటరు ముల్లు కదులుతోందేమో చూడండి. ఫర్నేసు పక్కన ఏసీ నీళ్లు పోయే సన్న గొట్టం మూసుకుపోయి నేలంతా తడిచేయడం కూడా మామూలే.

గోడ మీద తెల్లటి పొడి కనబడితే బూజు అని హడలిపోవద్దు. నీళ్లు కాంక్రీటులోని ఉప్పుల్ని కరిగించి మోసుకొచ్చి, గోడ మీద ఆరిపోయినప్పుడు మిగిలే పొర అది. నీళ్లు చల్లితే కరిగి మాయమవుతుంది, బూజు అలా మాయం కాదు. నిజానికి ఆ ఉప్పు పొర పనికొస్తుంది. గోడ పొడిగా ఉన్న రోజున కూడా నీళ్లు ఏ దారిన, ఏ ఎత్తు నుంచి దిగుతున్నాయో అది గీసి చూపిస్తుంది. ముందే తుడిచేయకండి, ఫోటో తీసి పెట్టుకోండి.

ముందు ఇంటి బయటికి నడవండి

వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక అంగుళం వాన పడితే దాదాపు 620 గ్యాలన్ల నీళ్లు. ఆ నీళ్లన్నీ గట్టర్లలో చేరి, నాలుగు మూలల్లో డౌన్‌స్పౌట్లు అనే నిలువు గొట్టాల గుండా దిగుతాయి. గొట్టం గోడ పక్కనే ఆగిపోతే అవన్నీ మీ పునాది దగ్గరే ఇంకుతాయి. అందుకే మంచి వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. తీరిగ్గా ఎండలో చూస్తే కనబడనివి అప్పుడు కనబడతాయి. గట్టర్ అంచు మీదుగా నీళ్లు పొర్లుతున్నాయంటే ఆకులతో పూడుకుపోయిందని అర్థం. డౌన్‌స్పౌట్ నీళ్లు గోడకు కనీసం ఆరడుగుల దూరంలో పడాలి, పదడుగులైతే మరీ మంచిది. ఎక్స్‌టెన్షన్ గొట్టం కొద్ది డాలర్లకే వస్తుంది, బిగించడానికి రెండు స్క్రూలు చాలు.

తర్వాత నేల వాటం చూడండి. ఇల్లు కట్టినప్పుడు గోడ పక్కన పూడ్చిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. మొదట్లో బయటికి వాటంగా ఉన్న నేల పదేళ్లకు ఇంటివైపే వాలుతుంది. అమెరికా ఇళ్ల నిర్మాణ కోడ్ ప్రకారం గోడ నుంచి మొదటి పదడుగుల్లో నేల ఆరంగుళాలు కిందికి వాలాలి. ఒక కర్ర, తాడు, లెవెల్ ఉంటే పావుగంటలో కొలిచేయొచ్చు. తక్కువైతే బంకమట్టి ఎక్కువున్న మట్టి తెప్పించి, దిమ్మిసతో గట్టిగా అదిమి వాటం తెప్పించండి. ఇసుక, మల్చ్ పోస్తే నీళ్లు వాటి గుండా దిగిపోతాయి. మట్టి సైడింగును (ఇంటి బయటి గోడ మీది పలకల్ని) తాకకూడదు. కింద ఆరంగుళాల కాంక్రీటు కనబడుతూ ఉండాలి, లేకపోతే చెదలకు మీరే నిచ్చెన వేసినట్టు. లోతుగా తవ్వాల్సి వస్తే ముందు 811కి ఫోన్ చేయండి. గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళతారు.

మన ఇళ్లకు ప్రత్యేకమైన కారణం ఇంకొకటుంది, కూరగాయల మడి. గోంగూర, బెండ, సొరపాదు ఇంటి గోడకు ఆనించి వేస్తాం, ఎండ బాగా తగులుతుందని, పైపు అందుతుందని. వేసవిలో ఇండియా నుంచి వచ్చిన నాన్నగారు పొద్దున్న ఓసారి, సాయంత్రం ఓసారి పైపు పట్టుకుని తృప్తిగా తడుపుతారు. చినుకు లేని జులైలో కూడా బేస్‌మెంట్ గోడ చెమ్మగిల్లడానికి అదొక్కటే చాలు. మడిని గోడకు పదడుగుల అవతలికి జరపండి. నాన్నగారికి ఆ మాట చెప్పే బాధ్యత మాత్రం మీదే.

ఇంకొన్ని త్వరగా చూసేయండి. కిటికీ బావిలో (బేస్‌మెంట్ కిటికీ ముందు నేలలో ఉండే గుంటలో) ఆకులు పేరుకుపోయి అడుగున డ్రెయిన్ మూసుకుపోయిందేమో. సంప్ పంపు (బేస్‌మెంట్ నేల గుంటలో చేరిన నీళ్లను బయటికి తోడేది) తోడిన నీళ్లు గోడ పక్కనే పడి మళ్లీ అదే గుంటలోకి వస్తున్నాయేమో. డ్రైవ్‌వేకీ గోడకూ మధ్య సందు విచ్చుకుందేమో, ఉంటే పాలీయురెథేన్ సీలెంటుతో పూడ్చాలి. చలికాలం పార పట్టినప్పుడు మంచును గోడ పక్కన కుప్ప పోస్తున్నారేమో కూడా.

ఇవన్నీ సరిచేశాక ఒకటి రెండు పెద్ద వానలు పడనివ్వండి. తడి రావడం పూర్తిగా ఆగిపోవడం కూడా జరుగుతుంది. ఆగినా నెర్రె పూడ్చమనే నా సలహా, ఎందుకంటే వచ్చే వసంతంలో మంచు ఒకేసారి కరిగితే మళ్లీ అదే దారి. అయితే 2021 సెప్టెంబరు 1న ఐడా తుపాను శేషం న్యూజెర్సీ, న్యూయార్క్‌లను ముంచెత్తిన రోజు లాంటి వానకు ఏ నెర్రె మరమ్మతూ సమాధానం కాదు. ఆ నీళ్లు తలుపుల్లోంచి, కిటికీల్లోంచి, మురుగు పైపుల్లోంచి వచ్చాయి.

పైపుతో పరీక్ష

ఎక్కడి నుంచి కారుతోందో ఇంకా అనుమానంగా ఉంటే ఇద్దరు కావాలి. ఒకరు బయట గార్డెన్ పైపుతో, ఒకరు లోపల టార్చితో. గోడ మీద నీళ్లు చిమ్మకుండా, నెర్రె ఉన్న చోట నేల మీద పైపు పెట్టి మెల్లగా వదలండి. పావుగంట, ఇరవై నిమిషాలు ఒకే చోట ఉంచి, తర్వాత నాలుగడుగులు జరపండి. లోపలివాళ్లు తడి మొదట కనబడిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి టైము వేయాలి. నీళ్లు కిందికి జారతాయి కాబట్టి నేల దగ్గర మడుగు కట్టిన చోటు ముఖ్యం కాదు, అన్నిటికంటే పైన తడిసిన చోటు ముఖ్యం. లోపలికి రావడానికి అరగంట పైనే పట్టొచ్చు, తొందరపడి కట్టేయకండి.

దేనికి ఏ మందు

నిలువు నెర్రెకు పాలీయురెథేన్ ఇంజెక్షన్ వాడాలి. గుండ్రటి రంధ్రాలకు, పైపు చుట్టూ ఉన్న సందులకు హైడ్రాలిక్ సిమెంటు. ఈ రెండిటినీ తారుమారు చేయడం వల్లే చాలా మరమ్మతులు ఏడాది తిరక్కుండా మళ్లీ కారతాయి.

హైడ్రాలిక్ సిమెంటు రాయిలా బిగుస్తుంది, సాగదు. చలికాలం, ఎండాకాలం మధ్య నెర్రె వెంట్రుకవాసి తెరుచుకుని మూసుకుంటుంది. దాంతో సిమెంటు అంచుల వెంబడే కొత్త గీత పడుతుంది. పైగా అది గోడ లోపలి అంగుళం వరకే ఉంటుంది, వెనకున్న ఏడంగుళాల నెర్రె నిండా నీళ్లు అలాగే నిలబడతాయి. పాలీయురెథేన్ అయితే గోడ మందమంతా, బయటి మట్టి దాకా పాకుతుంది. తడి తగిలితే పొంగి నురుగై బిగుస్తుంది, తర్వాత కూడా కాస్త సాగుతుంది. ఎపాక్సీ కూడా ఇలాగే ఎక్కించే మందే, రెండు ముక్కల్ని విడిపోకుండా అతికించేంత బలమైంది, కానీ నెర్రె లోపల పొడిగా ఉండాలి. కారే గోడలో అది దొరకడం కష్టం.

నెర్రెకు ఇంజెక్షన్

తక్కువ ఒత్తిడితో పనిచేసే కిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అందులో గోడకు అంటించే ప్లాస్టిక్ పోర్టులు (మందు ఎక్కించే చిన్న గొట్టాలు), వాటి మూతలు, రెండు పాళ్లు కలిపే ఎపాక్సీ పేస్టు, జంట గొట్టాల పాలీయురెథేన్ కార్ట్రిడ్జ్, మిక్సింగ్ నాజిల్ ఉంటాయి. జంట గొట్టాలకు సరిపడే గన్ మామూలు కాక్ గన్ కాదు, కిట్‌తో వస్తుందో లేదో ముందే చూసుకోండి. గోడ ఎనిమిదడుగులుంటే కార్ట్రిడ్జ్ ఒకటి అదనంగా ఉంచుకోండి. మధ్యలో ఆపి దుకాణానికి వెళితే పెట్టిన నాజిల్ గట్టిపడిపోతుంది.

కళ్లద్దాలు, నైట్రైల్ గ్లవ్స్, ఆవిరిని ఆపే (ఆర్గానిక్ వేపర్) కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ మాస్కు తప్పనిసరి; ఎన్95 దుమ్మునే ఆపుతుంది, ఆవిరిని కాదు. పాలీయురెథేన్ మందులో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకు మంచివి కావు. కిటికీ తెరిచి, ఫ్యాను బయటివైపు తిప్పి పెట్టండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పని వేరేవాళ్లకు అప్పజెప్పడం మేలు. ఇల్లు 1978కి ముందుదై, గోడకు పాత పెయింటు ఉంటే అందులో సీసం ఉండొచ్చు, గీకే ముందు పరీక్ష చేయించండి. తడి నేల మీద కరెంటు పరికరాలు వాడుతున్నప్పుడు జీఎఫ్‌సీఐ (షాక్ కొట్టకుండా కరెంటును వెంటనే ఆపేది) ఉన్న ప్లగ్ పాయింటే వాడాలి.

1. పొడి రోజు చూసుకోండి. నెర్రెకు రెండు పక్కలా రెండేసి అంగుళాలు వైరు బ్రష్‌తో గట్టిగా రుద్ది ఉప్పు, పెయింటు, దుమ్ము పోగొట్టండి. నెర్రెను ఉలితో వెడల్పు చేయకండి. ఆ పొడి లోపల కూరుకుపోయి మందు పాకే దారిని మూసేస్తుంది. తర్వాత వాక్యూమ్‌తో పీల్చేయండి. గోడ ఉపరితలం తడిగా ఉంటే హెయిర్ డ్రైయర్‌తో ఆరబెట్టండి. లోపల తడి ఉన్నా ఫర్వాలేదు, పేస్టు అంటుకునే ముఖం మాత్రం పొడిగా ఉండాలి.

2. పోర్టులు అంటించండి. నేల నుంచి కొంచెం పైన మొదటిది, ఆ పైన సుమారు ఎనిమిదంగుళాలకు ఒకటి చొప్పున బయటి నేల మట్టం దాటేదాకా. ఒక సన్న మేకును నెర్రెలో గుచ్చి, దాని మీదుగా పోర్టును ఎక్కిస్తే రంధ్రం సరిగ్గా నెర్రె మీద కూర్చుంటుంది. పోర్టు అడుగు అంచుకు పేస్టు రాయండి, నడిమి రంధ్రంలోకి పోనివ్వకండి. ఒక్క పోర్టు పక్కకు జరిగినా ఆ భాగం గుడ్డిగా మిగిలిపోతుంది కాబట్టి, ఇక్కడ ఎంత నిదానమైనా తప్పులేదు.

3. పేస్టు రెండు పాళ్లను రంగు ఒకేలా, చారలు లేకుండా వచ్చేదాకా కలపండి. పోర్టుల మధ్య నెర్రె మీద రెండంగుళాల వెడల్పున, ఎనిమిదో వంతు అంగుళం మందాన తాపీతో పట్టించండి. పోర్టుల చుట్టూ కూడా. సూది మొనంత సందు వదిలినా మందు అక్కడి నుంచే చిమ్ముతుంది. నెర్రె గోడ చివర మూల చుట్టూ తిరిగి కనబడితే అక్కడా పట్టించండి.

4. గట్టిపడనివ్వండి. చలిగా ఉంటే గంటలు పడుతుంది. పెట్టె మీద రాసిన టైము వెచ్చటి గదికి. గోటితో నొక్కితే గుర్తు పడకపోతే సిద్ధమైనట్టు.

5. కొన్ని కిట్లలో నెర్రె ఎండిపోయి ఉంటే ముందు పోర్టుల గుండా కొంచెం నీళ్లు ఎక్కించమంటారు, మందు పొంగడానికి తడి కావాలి కాబట్టి. సూచనల కాగితం చదివి, అదే పాటించండి.

6. నాజిల్ నుంచి మొదట వచ్చే మందు సరిగా కలిసి ఉండదు, ఒక పాత డబ్బాలోకి వదిలేయండి. అన్నిటికంటే కింది పోర్టుతో మొదలుపెట్టండి. ట్రిగ్గర్ మెల్లగా నొక్కి, ఆగి, మళ్లీ మెల్లగా నొక్కండి. బలంగా నొక్కితే పేస్టు పగిలి ఊడుతుంది. కాసేపటికి పై పోర్టులో ముందు బురద నీళ్లు, ఆ తర్వాత తేనె రంగు మందు సన్నగా తొంగి చూస్తుంది. అది కనబడగానే ఆపి, కింది పోర్టుకు మూత పెట్టి, పైదానికి మారండి. కిందనుంచే ఎందుకంటే, లోపలి నీళ్లను, గాలిని మందు పైకి తోసుకుంటూ పోవాలి.

7. ఒక పోర్టులో ఎంత ఎక్కించినా పై పోర్టుకు రాకపోతే మందు బయటి మట్టిలోకి పోతోందని అనుమానించాలి. రెండు మూడు నిమిషాలు ఆగండి. లోపల కొంచెం చిక్కబడ్డాక మళ్లీ ఎక్కించండి. ఎక్కువసేపు ఆగితే నాజిల్ బిగుసుకుంటుంది, అందుకే అదనపు నాజిల్ దగ్గర ఉంచుకోమనేది.

8. చివరిదాకా పోయాక, మందు ఇంకా కదులుతుంటే మళ్లీ కింది పోర్టులకు వచ్చి కొంచెం కొంచెం ఎక్కించండి. ఈ రెండో విడతను చాలామంది వదిలేస్తారు. నెర్రె లోపలి సన్న కొమ్మలు నిండేది దీనితోనే.

మర్నాడు పోర్టుల్ని సుత్తితో పక్క నుంచి తడితే విరిగిపోతాయి. పేస్టు అలాగే ఉంచినా నష్టం లేదు. చేతికి అంటిన మందు గట్టిపడక ముందే తుడుచుకోవాలి. గట్టిపడితే చర్మం ఊడి వచ్చేదాకా అదీ మీతోనే ఉంటుంది. అసిటోన్‌తో పరికరాలు తుడుస్తుంటే, పక్కన వాటర్ హీటరు మంట ఉందేమో చూసుకోండి. అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది.

రంధ్రాలకు, పైపు సందులకు హైడ్రాలిక్ సిమెంటు

గోడ మీద ఒకే వరసలో, సమాన దూరాల్లో గుండ్రటి తడి మచ్చలు కనబడుతున్నాయా? గోడ పోసినప్పుడు రెండు వైపుల అచ్చుల్ని పట్టి ఉంచిన ఇనుప చువ్వల రంధ్రాలవి. పాత పూడిక వదులై కారుతుంటాయి. ఆ పూడికను ఉలితో తీసేయండి. రంధ్రం మూతి దగ్గర ఇరుకుగా, లోపల కొంచెం వెడల్పుగా ఉండేలా చెక్కితే సిమెంటు బయటికి జారిపోదు. దుమ్ము కడిగి, గోడను తడిగా ఉంచండి.

ఈ సిమెంటు మూడు నుంచి ఐదు నిమిషాల్లో బిగుస్తుంది. అందుకే ఒక గుప్పెడు మాత్రమే కలపండి, డబ్బా వెనక కొలత చూసి, చల్లటి నీళ్లతో. గ్లవ్స్ వేసుకున్న చేత్తో చలిమిడి ముద్దలా పిసికి, ఒక కొస సన్నగా చేసి పట్టుకోండి. ముద్ద వెచ్చబడటం చేతికి తెలుస్తుంది. ఆ క్షణంలో రంధ్రంలోకి నొక్కి, రెండు మూడు నిమిషాలు చెయ్యి తీయకుండా బలంగా పట్టి ఉంచండి. మరీ ముందు నొక్కితే నీళ్లు తోసేస్తాయి, ఆలస్యమైతే పొడిపొడిగా రాలుతుంది. నీళ్లు పారుతుండగానే ఆపగలగడం దీని గొప్ప. పెద్ద సందైతే అంచుల నుంచి పూడ్చుకుంటూ వచ్చి, ధార బలంగా ఉన్న చోటును చివరికి మిగల్చండి. మిగిలింది తాపీతో గోడ మట్టానికి చెక్కేయండి.

నీళ్ల పైపు, డ్రెయిన్ పైపు గోడలోంచి దూరే చోట కూడా ఇదే పద్ధతి. కాకపోతే పైపు కొద్దిగా కదులుతుంది కాబట్టి, సిమెంటు ఆరాక దాని చుట్టూ పాలీయురెథేన్ సీలెంటు ఒక వరస వేయండి. గ్యాసు పైపు, కరెంటు తీగలు దూరే చోట ఉలి పెట్టకండి.

పూడిస్తే మరింత చెడేవి

గోడా నేలా కలిసే మూలలో, పొడవునా తడి వస్తోందంటే నీళ్లు నేల కింద నుంచి పైకి తోసుకొస్తున్నాయి. ఆ సందును సిమెంటుతో మూసేస్తే ఇంకోచోట పైకి లేస్తాయి. ముందు సంప్ పంపు గుంటలో ఒక బకెట్ నీళ్లు పోసి పంపు తిరుగుతోందో లేదో చూడండి. అది కాలిపోయి ఉండటమే కారణం కావచ్చు. పంపు బాగానే ఉన్నా తడి వస్తుంటే నేల అంచుల వెంబడి లోపలి డ్రెయిన్ వేయించాల్సిందే. అది మీ చేతి పని కాదు.

బ్లాకు గోడల్లో లోపల బోలు గదులుంటాయి. ఒకచోట మూస్తే నీళ్లు ఆ గదుల్లో పైకి చేరి పక్క బ్లాకులోంచి కారతాయి. మెట్లు మెట్లుగా పోయే పగుళ్లున్న బ్లాకు గోడను కూడా ఇంజనీరుకు చూపించడం మంచిది.

ఇక పెయింటు. పెయింటు వేయని, శుభ్రమైన గోడకు అంతటా సమానంగా వచ్చే పలచటి చెమ్మను కట్టడి చేయడానికి అది కొంత పనికొస్తుంది. నెర్రెను అది ఆపదు. నెర్రెను ఇంజెక్ట్ చేయకుండా పూస్తే, కారే చోటు ఎక్కడో కనబడకుండా చేసుకున్నట్టే.

డ్రైవాల్ మళ్లీ పెట్టే ముందు

మందు బిగిసిన రెండు మూడు రోజులకు పైపు పరీక్ష మళ్లీ చేయండి, ఈసారి గంటసేపు. చుక్క రాకపోయినా డ్రైవాల్ వెంటనే మూయకండి, ఒక వసంతం గడవనివ్వండి. అప్పటిదాకా ఇండియా సూట్‌కేసులు, ఆవకాయ జాడీలు, బియ్యం బస్తాలు గోడకు ఆనించకుండా అడుగు ఎడంగా, బల్ల మీద పెట్టుకోండి.

నేల కింద నుంచి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువుకు కూడా ఈ నెర్రెలు దారే. నెర్రెలు పూడ్చినంత మాత్రాన అది ఆగుతుందని నమ్మకం లేదు, కాబట్టి కిట్ పెట్టి పరీక్షించండి. లీటరు గాలిలో 4 పికోక్యూరీలు, ఆ పైన ఉంటే తగ్గించే ఏర్పాటు చేయించుకోమని ఈపీఏ చెబుతుంది. మామూలు ఇంటి బీమా నేలలోంచి ఊరి వచ్చే నీళ్ల నష్టాన్ని సాధారణంగా భరించదు. మీ పాలసీలో సంప్ పంపు ఆగిపోతే వర్తించే అదనపు కవరేజీ ఉందేమో అడిగి, లేకపోతే రాయించుకోండి.

డ్రైవాల్ తిరిగి పెట్టించేటప్పుడు నెర్రె ఉన్న భాగానికి మాత్రం స్క్రూలతో ఊడదీసే పలక పెట్టించండి, దాని ముందు తేలిగ్గా జరిగే సామానే ఉంచండి. వెనకాల గోడ మీద మరమ్మతు తేదీ, ఏ మందు వాడారో, ఎన్ని పోర్టులు పెట్టారో పెన్సిల్‌తో రాసి పెట్టండి. ఇల్లు అమ్మే రోజున కొనేవాళ్ల ఇన్‌స్పెక్టర్ మొదట అడిగేది అదే.